ఫోను రాలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాం: రొమ్ము క్యాన్సర్ శిబిరాలు నిర్వహిస్తున్నవారికి బహిరంగ లేఖ

చెన్నై నగరంలో రొమ్ము క్యాన్సర్ పరీక్షా శిబిరాలు, అవగాహన శిబిరాలు నిర్వహిస్తున్న ఆసుపత్రుల యాజమాన్యాలకు, వాటికి ఖర్చు భరిస్తున్న సేవా సంఘాలకు, అనుమతులిచ్చే ఆరోగ్య శాఖ అధికారులకు నమస్కారం.

నేను ఉత్తర చెన్నైలో తెలుగు మాధ్యమ తరగతులకు ముప్పై ఒక్క సంవత్సరాలు పాఠాలు చెప్పి విశ్రాంత జీవితం గడుపుతున్న ఉపాధ్యాయినిని. మా వీధిలో గత అక్టోబరులో జరిగిన ఒక శిబిరం గురించి ఇప్పటికి రెండు వినతిపత్రాలు పంపాను. రెండింటినీ తమిళంలోనే రాయించి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. అందినట్టు సంతకం చేసిన కార్డులు తిరిగొచ్చాయి గానీ జవాబు రాలేదు. ఆసుపత్రికి వెళ్లి అడిగితే శిబిరానికి వచ్చినవారి పేర్ల జాబితా సేవా సంఘం దగ్గర ఉందన్నారు. సేవా సంఘంవారు ఆసుపత్రి దగ్గరే ఉందన్నారు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా తెలుగులో రాస్తున్నాను. మీలో తెలుగు చదవగలిగినవారు తక్కువే కావచ్చు. అయితే మీరు ఎవరిచేతనైనా చదివించుకోగలరు. మీ శిబిరాలకు వచ్చే మా ఆడవాళ్లకు మీరిచ్చిన కాగితాలను చదివిపెట్టేవారు లేకే సంగతి ఇంతదాకా వచ్చింది.

శిబిరాలు పెట్టడాన్ని నేను తప్పుపట్టడం లేదు. పెట్టినందుకు కృతజ్ఞత కూడా ఉంది. నా ఫిర్యాదంతా శిబిరం ముగిసి, షామియానా విప్పి, కుర్చీలు ఆటోలో ఎక్కించిన తర్వాత జరిగేదాని గురించి, సరిగ్గా చెప్పాలంటే జరగనిదాని గురించి.

ఆ ఆదివారం మా వీధి చివర బడి హాలులో అరవైమంది దాకా ఆడవాళ్లు పరీక్ష చేయించుకున్నారు. వాళ్లను ఇళ్ల నుంచి పిలుచుకొచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఈ విషయంలో నాకూ కొంత బాధ్యత ఉంది. మా పక్కింటి ఆవిడకు నలభై నాలుగేళ్లు, మూడు ఇళ్లలో పాచిపని చేస్తారు. డాక్టరమ్మ ఆవిడను చేత్తో తడిమి చూసి, ఎడమవైపు రేగుపండంత గడ్డ ఉన్నట్టుందని చెప్పి, ఒక చీటీ రాసిచ్చారు. చీటీకి ఒకవైపు ఇంగ్లీషులో రెండు పొట్టి మాటలు, కింద ఒక సంతకం. రెండో వైపు ఒక వంటనూనె ప్రకటన. పక్క బల్ల దగ్గర పొడుగాటి నోటుపుస్తకంలో పేరు, ఫోను నంబరు రాసుకుని, "మేమే ఫోను చేస్తాం" అన్నారు. ఆవిడ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి, బియ్యం డబ్బాలో రేషను కార్డు పక్కన దాచుకున్నారు.

ఫోను రాలేదు. దీపావళి వెళ్లింది, వానలు వెళ్లాయి, సంక్రాంతి వెళ్లింది. కూతురి పరీక్షలయ్యాక, మార్చి నెలాఖరులో, జాకెట్టు రాసుకుపోయి నొప్పిగా ఉందని నా దగ్గరికి వచ్చారు. అప్పటికి గడ్డ నిమ్మకాయంత అయింది, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడింది. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నావమ్మా అని అడిగితే ఆవిడ ఇచ్చిన జవాబు ఇది: "మీరే కదా టీచరమ్మా, ఏమన్నా ఉంటే వాళ్లే ఫోను చేస్తారని చెప్పింది. ఫోను రాలేదంటే ఏమీ లేదనేగా?"

ఈ మాటలో తప్పెక్కడుందో నేను ఎంత వెతికినా నాకు దొరకలేదు. అసలు శిబిరమే జరగకపోయి ఉంటే, గడ్డ చేతికి తగిలిన నాడు ఆవిడ భయపడి ఎక్కడో ఒకచోటికి వెళ్లి ఉండేవారేమో. శిబిరం జరిగింది, పెద్ద డాక్టరు చూశారు, ఫోను రాలేదు అనే ధైర్యమే ఆవిడను అయిదున్నర నెలలు ఇంట్లో కూర్చోబెట్టింది. బయాప్సీ, అంటే సూదితో గడ్డలోంచి ముక్క తీసి చూసే పరీక్ష, చేసేసరికి మూడో దశ. ప్రస్తుతం ఆవిడకు కీమో నడుస్తోంది. ఈ వివరాలు రాయడానికి ఆవిడ ఒప్పుకున్నారు; పేరు మాత్రం వద్దన్నారు.

ఒక నంబరు తప్పు రాసి ఉండవచ్చు. ఆవిడ ఇచ్చినది పెద్దకొడుకు నంబరు, అతడు డిసెంబరులో సిమ్ మార్చాడు. మీరు ఫోను చేసే ఉండవచ్చు కూడా. చేసినట్టు మీ పుస్తకంలో రాసి ఉంటే చూపించండి, ఈ లేఖలో ఆ భాగాన్ని బహిరంగంగానే వెనక్కు తీసుకుంటాను.

ఈ నగరానికి ఈ జబ్బు కొత్త కాదు, దాని మీద పోరాటమూ కొత్త కాదు. చెల్లెలిని క్యాన్సర్‌కు పోగొట్టుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పూనికతో మహిళా భారత సంఘం 1954లో అడయారులో 12 పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను మొదలుపెట్టింది. జాతీయ క్యాన్సర్ నమోదు కార్యక్రమం కింద 1982లో జనాభా ప్రాతిపదికన లెక్క రాయడం మొదలుపెట్టిన మొదటి మూడు నగరాల్లో బెంగళూరు, ముంబయిలతో పాటు చెన్నై ఒకటి. అంటే ఎవరికి జబ్బు వచ్చింది, ఎక్కడ వైద్యం జరిగింది, ఏమైంది అని నలభై ఏళ్లకు పైగా లెక్క రాస్తున్న ఊరు ఇది. అలాంటి ఊళ్లో ఒక వీధి శిబిరంలో చీటీ పట్టుకున్న ఆడమనిషి ఏమైందో చెప్పలేకపోవడం నాకు మింగుడుపడటం లేదు.

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే ఇప్పుడు మొదటి స్థానంలో ఉంది. 2022లో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చిందని, 98 వేల మందికి పైగా చనిపోయారని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా వేసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30–49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు దేశం మొత్తం మీద 0.9 శాతం. తమిళనాడు ఈ సగటు కంటే ఎంతో ముందుంది, కాదనను. అయితే పరీక్ష చేయించుకున్నవారి లెక్కలో మా పక్కింటి ఆవిడ కూడా ఉంటారు కదా!

ఇక నా విన్నపాలు, వాటి వెనక ఉన్న కారణాలు.

1. పరీక్షకు వచ్చిన ప్రతి స్త్రీకీ ఫలితం కాగితం మీద అందాలి. అనుమానం ఉన్నవారికే కాదు, లేనివారికి కూడా. "ఫోను చేస్తాం" అనే మాటను శిబిరాల నుంచి పూర్తిగా తీసివేయండి. మౌనానికి రెండు అర్థాలుంటాయి: ఏమీ లేదని, లేదా మరిచిపోయారని. చదువుకున్నవాళ్లు రెండోది అనుమానించి ఆసుపత్రికి ఫోను చేస్తారు. పనిమనుషులు మొదటిది నమ్మి పనికి వెళతారు. అనుమానం ఉన్న ప్రతి ఒక్కరికీ ఏ ఆసుపత్రికి, ఏ తేదీన, ఏ గదికి వెళ్లాలో అదే రోజు రాసిచ్చి, ఇద్దరి నంబర్లు తీసుకుని, వారంలో రాకపోతే మనిషిని ఇంటికి పంపాలి. ఆ పని ఎవరిదో శిబిరం అనుమతి పత్రంలోనే పేరుతో సహా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ జబ్బు విషయమై 2021లో మొదలుపెట్టిన కార్యక్రమానికి మూడు లక్ష్యాలు పెట్టింది. రోగుల్లో 60 శాతానికి పైగా మొదటి రెండు దశల్లోనే బయటపడాలి. లక్షణంతో వచ్చినవారికి 60 రోజుల్లో నిర్ధారణ పూర్తికావాలి. 80 శాతానికి పైగా చికిత్సను చివరిదాకా పూర్తిచేయాలి. మా వీధి లెక్కలో ఆ 60 రోజులు 160 దాటాయి. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలను ఇరవై ఏళ్లు గమనించిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అక్కడ రెండేళ్లకోసారి పరీక్ష చేసినవారు స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు. చేత్తో చేసే ఆ పరీక్ష వల్లనే జబ్బు ముందు దశల్లో బయటపడింది, 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువారిలో మరణాలు ఆ మేర తగ్గినట్టు తేలలేదు. ఆ మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. నేను గ్రహించినది ఏమిటంటే, అక్కడ అనుమానం వచ్చిన స్త్రీని ఆసుపత్రిదాకా చేర్చే ఏర్పాటు పరీక్షతో పాటే ఉంది. చేత్తో చేసే పరీక్షను మీరు అక్కడి నుంచి తెచ్చుకున్నారు, మిగతా సగాన్ని అక్కడే వదిలేశారు.

2. భాష. మాకు తమిళం రాదని అనుకోవద్దు. తరతరాలుగా రాయపురం, కొరుక్కుపేట, వ్యాసర్పాడిల్లో ఉంటున్నవాళ్లం బజారులో, పనిలో, పోట్లాటలో తమిళమే మాట్లాడతాం. కానీ ఒంటి గురించి, అందులోనూ ఈ భాగం గురించి, అమ్మ దగ్గర నేర్చుకున్న మాటే నోటికి వస్తుంది. ఆ మాట కూడా సిగ్గుతో చుట్టూ తిరిగి వస్తుంది. మాలో చాలామంది రొమ్ము అనరు, "గుండెలు" అంటారు, "ఛాతీ" అంటారు. అదే శిబిరానికి పక్కన కడుతున్న భవనం షెడ్ల నుంచి ఉత్తరాంధ్ర కూలి స్త్రీ ఒకామె వచ్చింది. ఆమెకు తమిళం ఒక్క ముక్క రాదు. "గుండె మీద కాయలాగ లేసింది" అని చెప్పింది. తెలుగు సగం సగం తెలిసిన కుర్రాడు గుండె జబ్బు అని రాసి, ఇ.సి.జి. బల్లకు పంపాడు. ఇ.సి.జి. బాగానే ఉంది. ఆమె సంతోషంగా వెళ్లిపోయింది. ఈ సంగతి నాకు ఆ సాయంత్రం తెలిసి షెడ్లకు వెళితే, ఆ బృందం మేస్త్రీతో పాటు మరో చోటికి పనికి వెళ్లిపోయింది. ఆమె ఎక్కడ ఉందో నాకు తెలియదు.

కాబట్టి తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే వీధుల్లో, కట్టడాల దగ్గర పెట్టే శిబిరాల్లో తెలుగు మాట్లాడే స్త్రీ ఒక్కరైనా నమోదు బల్ల దగ్గర ఉండాలి. కరపత్రాలు తెలుగులో ఇచ్చినంత మాత్రాన సరిపోదు, మా తర్వాతి తరానికి తెలుగు అక్షరాలు రావు, ముందు తరానికి ఏ అక్షరాలూ రావు. బొమ్మలతో, మనిషి నోటితో చెప్పాలి. నొప్పి లేని గడ్డనే ఎక్కువ పట్టించుకోవాలని, చనుమొన లోపలికి పోయినా, రక్తం కలిసిన స్రావం వచ్చినా ఆగకూడదని, గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావని, సూది గుచ్చితే జబ్బు పాకుతుందన్నది అబద్ధమని మా మాటల్లో చెప్పండి. మా వీధిలో ఆ సూది భయంతోనే ఇద్దరు వెనక్కి వచ్చేశారు.

3. కూలి. ఆడవాళ్లకు సాధారణ సిటీ బస్సుల్లో 2021 మే నుంచి టికెట్టు లేదు, ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యానికి రుసుము లేదు. అయినా మా వాళ్లు మధ్యలో ఎందుకు మానేస్తారని మీరు ఆశ్చర్యపోతుంటారు. ఏప్రిల్‌లో నేను ఆవిడతో తిరిగిన రోజులు చెబుతాను. ఓపీ చీటీకి, డాక్టరుకు ఒక రోజు. మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) తేదీ కోసం ఒక రోజు, మామోగ్రామ్‌కు ఒక రోజు. బయాప్సీకి ఒక రోజు, దాని రిపోర్టుకు రెండు రోజులు, ఎందుకంటే మొదటిసారి వెళ్లినప్పుడు రిపోర్టు రాలేదు. ఏ మందు పనిచేస్తుందో తేల్చే హార్మోన్ పరీక్షల రిపోర్టుకు మరో రోజు. స్కాన్‌కు ఒక రోజు. చికిత్స ఇంకా మొదలే కాలేదు, ఎనిమిది రోజుల పని పోయింది, మూడిళ్లలో ఒక ఇంటివారు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఆ తర్వాత మూడు వారాలకోసారి కీమో, ఆపరేషన్, ఆపైన వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు రేడియేషన్, హార్మోన్ రకం జబ్బయితే అయిదు నుంచి పదేళ్లు మాత్రలు. నాకు పింఛను వస్తుంది కాబట్టి నేను తోడు వెళ్లగలిగాను. తోడు వెళ్లే టీచరు ప్రతి వీధిలో ఉండదు.

కోరేది రెండు. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్, సూది పరీక్ష ఒకే రోజు, లేదా రెండు రోజుల్లో ముగిసేలా శిబిరం నుంచి వచ్చిన చీటీలకు వేరే వరుస పెట్టండి. మా వీధుల్లోని స్త్రీలకే శిక్షణ, నెలకింత గౌరవ వేతనం ఇచ్చి, అనుమానం ఉన్న ప్రతి మనిషికీ చికిత్స ముగిసేదాకా ఒక తోడు మనిషిని కేటాయించండి. 2021 ఆగస్టులో మొదలైన "మక్కళై తేడి మరుత్తువం" (జనాన్ని వెతుక్కుంటూ వైద్యం) అనే తమిళనాడు ప్రభుత్వ పథకం కింద బి.పి., షుగరు మాత్రలు ఇంటి గుమ్మానికి తెచ్చే మహిళా కార్యకర్తలను మేము చూస్తూనే ఉన్నాం. ఆ చేతిసంచీలో ఈ పేర్ల జాబితా ఒకటి పెట్టడం పెద్ద పని కాదు.

4. బీమా కాగితాలు. ముఖ్యమంత్రి సమగ్ర వైద్య బీమాకు ఏడాది ఆదాయం 1.20 లక్షల లోపు ఉన్నట్టు ధ్రువపత్రం, ఇక్కడి రేషను కార్డు కావాలి. కొత్తగా వచ్చిన కూలీలకు ఆంధ్ర కార్డు ఉంటుంది. ఆ కార్డు మీద అక్కడి ఆరోగ్య పథకాన్ని 2019 నవంబరు నుంచి చెన్నైలో ఎంపిక చేసిన కొన్ని ఆసుపత్రులకు, కొన్ని చికిత్సలకు వర్తింపజేశారు. ఏ ఆసుపత్రి, ఏ చికిత్స అన్నది మేస్త్రీకి తెలియదు, శిబిరంలో చెప్పేవారు లేరు. నమోదు బల్ల పక్కన కాగితాల సంగతి తెలిసిన ఒక మనిషిని కూర్చోబెట్టండి.

5. ఫొటోలు. గులాబీ రిబ్బను కట్టి, వరుసలో నిలబెట్టి తీసిన ఫొటోలు ఆ రాత్రికే వాట్సాప్‌లో తిరిగాయి. పెళ్లీడు కూతుళ్లున్న తల్లులు అందులో ఉన్నారు. ఈ జబ్బులో వంశపారంపర్యంగా వచ్చేది నూటికి అయిదు నుంచి పది వరకేనని డాక్టర్లకు తెలుసు, సంబంధం చూడవచ్చినవారికి తెలియదు. మళ్లీ శిబిరం అంటే రామని ఇప్పటికే నలుగురు నాతో చెప్పారు. అడగకుండా ఫొటో తీయవద్దు.

6. వేళ. ఆదివారం పది గంటలు మీకు తీరిక వేళ. ఇళ్లలో పనిచేసేవారికి ఆ రోజే పని ఎక్కువ, వీధులు ఊడ్చేవారు ఆ వేళకు ఇంకా డ్యూటీలో ఉంటారు. వచ్చినవాళ్లలో సగానికి సగం ఇంటిపట్టున ఉండే చిన్న వయసువాళ్లే. కేంద్ర ఆరోగ్య శాఖ 2016 మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్లవారికి అయిదేళ్లకోసారి పరీక్ష అన్నాయి. 50 దాటిన మా పారిశుద్ధ్య కార్మిక స్త్రీలలో ఒక్కరిని కూడా నేను ఆ హాలులో చూడలేదు. మధ్యాహ్నం మూడు తర్వాత, వాళ్లు హాజరు వేయించుకునే చోటనే పెట్టండి.

7. ఆపరేషన్ తర్వాతి జీవితం గురించి శిబిరాల్లో ఒక్క మాట వినిపించదు. నా పాత విద్యార్థిని ఒకామె మా వీధిలో జాకెట్లు కుడుతుంది. ఒకవైపు రొమ్ము తీసేసిన ఆడవాళ్లు రాత్రి ఎనిమిదయ్యాక, కొట్టు మూసే వేళకు ఆమె దగ్గరికి వస్తారట. ఆమె ఆ వైపు లోపల పాత చీర గుడ్డతో సంచీలా కుట్టి, దూది కూరి, రెండో వైపుతో సమానం అయ్యేదాకా తీసి పెట్టి తీసి పెట్టి చూస్తుంది. దూది తేలిగ్గా ఉండి పైకి జరిగిపోతోందని, ఇప్పుడు అడుగున కాసిని ఆవాలు పోస్తోంది. టేపు పట్టుకోవడం తప్ప వేరే శిక్షణ లేని మనిషి కనిపెట్టుకున్న ఉపాయం ఇది. ఉతికితే ఆవాలు నానిపోతాయి కాబట్టి ప్రతిసారీ విప్పి కుట్టాలి. ఆ కుట్టుకూలి తీసుకోదు. ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ ఇంటికి పంపే రోజునే సరైన కృత్రిమ అమరికను, చేతి వాపు రాకుండా చేయాల్సిన వ్యాయామాలను, మందులు మానకూడదని చెప్పే మనిషి నంబరును ఇవ్వాలి. చికిత్స పూర్తిచేసుకున్న స్త్రీలను, వారు ఇష్టపడితే, శిబిరంలో మాట్లాడించండి. ముఖ్య అతిథి ప్రసంగం కంటే వాళ్లు చెప్పేది మా వాళ్లు వింటారు.

8. ప్రతి శిబిరం తర్వాత ఆరు నెలలకు అయిదు అంకెలు ప్రకటించండి: ఎందరిని చూశారు, ఎందరిని ఆసుపత్రికి వెళ్లమని పంపారు, వారిలో ఎందరు వెళ్లారు, ఎందరికి జబ్బు తేలింది, ఎందరికి చికిత్స మొదలైంది. పేర్లు అక్కరలేదు. ఈ అంకెలు ఇవ్వని సంస్థకు మరుసటి ఏడాది అనుమతి ఇవ్వవద్దని ఆరోగ్య శాఖవారిని కోరుతున్నాను.

వీటన్నిటికీ డబ్బు కావాలంటారు. షామియానా, స్టేజీ, బ్యానర్లు, టీషర్టులు, అల్పాహారం ఖర్చులో ఎంత మిగులుతుందో మీ లెక్కల పుస్తకం మీ దగ్గరే ఉంది. అరవైమందికి బదులు ముప్పైమందినే చూసి, ఆ ముప్పైమందినీ చివరిదాకా చేర్చినా మాకు సమ్మతమే.

గత శిబిరంలో చీటీలు అందుకున్నవారు మా వీధిలో ఏడుగురని ఇంటింటికీ తిరిగి తెలుసుకున్నాను. పక్కింటి ఆవిడ కాక ఇద్దరు సొంతంగా వెళ్లి చూపించుకున్నారు, వారికి ఏమీ లేదు. సూదికి భయపడి వెనక్కి వచ్చినవాళ్లు ఇద్దరు, అసలు వెళ్లనివాళ్లు ఇద్దరు. ఈ నలుగురి పేర్లు, ఇంటి నంబర్లు, వాళ్ల పక్కింటివాళ్ల నంబర్లు కూడా నా దగ్గర ఒక పుస్తకంలో ఉన్నాయి. వాళ్లను అడిగాను, పరీక్షకు ఒప్పుకున్నారు. ఈ లేఖ చూసిన పది రోజుల్లో మీ తరఫున ఒకరు వస్తే ఆ పుస్తకం అప్పగించి, వారిని వెంటబెట్టుకుని నేనే మీతో వస్తాను. ఎవరూ రాకపోతే పదకొండో రోజు ఉదయం ఏడు గంటలకు నలుగురితో కలిసి ఆ ఆసుపత్రి ఓపీ వరుసలో నిలబడతాం. నా చిరునామా మీకు పంపిన రెండు వినతిపత్రాల మీదా ఉంది.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
ఉత్తర చెన్నై